నొప్పి తగ్గిందని ఆగకండి: రూట్ కెనాల్ ఎలా చేయించుకోవాలి

మా నాన్న కింది దవడ పన్ను ఫాల్గుణంలో నొప్పి మొదలుపెట్టింది. చైత్రంలో దానంతటదే తగ్గింది. జ్యేష్ఠంలో ఒక రాత్రి బుగ్గ ఉబ్బి, తెల్లారేసరికి నోట్లో రెండు వేళ్లు కూడా పట్టనంతగా దవడ బిగుసుకుపోయింది. మధ్యలో గడిచిన రెండు నెలలూ ఇంట్లో అందరం పన్ను బాగుపడిందనే అనుకున్నాం. సోంపేట నుంచి శ్రీకాకుళం తీసుకొచ్చాక డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూపించారు. పన్ను చైత్రంలో బాగుపడలేదు, చైత్రంలో చచ్చిపోయింది. నొప్పి చెప్పే నరమే పోతే ఇక నొప్పి ఎక్కడిది?

ఆ పన్నుకు రూట్ కెనాల్ చేయించాం, అంటే లోపల కుళ్లిన గుజ్జు తీసి, శుభ్రం చేసి మూయించాం. ఆ తర్వాత నాకూ, మా చిన్నత్తకూ ఇదే చికిత్స అవసరమైంది. నేను డాక్టరును కాదు. ఆ కుర్చీలో ఒకసారి, ఆ కుర్చీ పక్కన చాలాసార్లు కూర్చుని, అడిగిందే అడిగి డాక్టర్లను విసిగించిన మనిషిని. అలా తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు నొప్పి రకం గుర్తుపట్టండి

చల్లటి నీళ్లు తగలగానే పన్ను జివ్వుమని, గుటక దిగేలోపే ఆ బాధ పోతే కంగారు పడాల్సింది తక్కువ. పైపొర అరగడమో, చిగురు కిందికి జారడమో, చిన్న పుచ్చో అయి ఉంటుంది. చూపించుకోండి, చాలాసార్లు ఫిల్లింగ్‌తో సరిపోతుంది.

గ్లాసు పక్కన పెట్టేసిన తర్వాత కూడా అర నిమిషం, నిమిషం పాటు లోపల సలుపుతూనే ఉంటే అది వేరే సంగతి. ఏమీ తగలకుండానే నొప్పి రావడం, పడుకోగానే పెరగడం, నిద్రలోంచి లేపడం, ఇవన్నీ పంటి లోపలి గుజ్జు వాచిందనడానికి గుర్తులు. పడుకుంటే ఎందుకు పెరుగుతుందంటే, తల వాల్చినప్పుడు అటువైపు రక్తం ఒత్తిడి పెరుగుతుంది. అందుకే పంటి నొప్పి ఉన్నవాళ్లు అర్ధరాత్రి మంచం మీద లేచి కూర్చుంటారు. వేడి టీ తాగితే ప్రాణం పోయినట్టుండి, చల్లటి నీళ్లు పుక్కిలిస్తే హాయిగా ఉంటోందంటే వ్యవహారం ఇంకా ముదిరినట్టు. నేను రెండు రోజులు ఫ్రిజ్ సీసా చేతిలో పట్టుకునే ఇంట్లో తిరిగాను.

కొరికినప్పుడు మాత్రమే పొడిచినట్టు ఉంటే పన్ను చీలి ఉండవచ్చు, లేదా ఇన్‌ఫెక్షన్ వేరు కొస దాటి ఎముకలోకి దిగి ఉండవచ్చు. తాటి తేగలు, చెరకు ముక్కలు, జంతికలు ఒకే పక్క నమిలే అలవాటున్న మనకు చీలిన పళ్లు కొత్త కాదు.

ఇక నొప్పే లేని గుర్తులు రెండున్నాయి. చిగురు మీద చిన్న కురుపు లేచి, చితికి, నోట్లోకి ఉప్పగా ఏదో వచ్చి, మళ్లీ మానినట్టు కనిపించడం ఒకటి. చీము బయటికి దారి చేసుకుంది కాబట్టి లోపల ఒత్తిడి లేదు, అందుకే నొప్పి లేదు. చిన్నప్పుడు క్రికెట్ బంతి తగిలిన ముందు పన్ను ఏళ్ల తర్వాత బూడిద రంగుకు తిరగడం రెండోది. ఈ రెంటినీ జనం పట్టించుకోరు.

ఒక జాగ్రత్త. జలుబు చేసి పై దవడ పళ్లన్నీ కలిసి నొప్పి పెడుతూ, వంగితే పెరుగుతుంటే అది సైనస్ కావచ్చు. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో దవడ లాగి, ఆగితే తగ్గుతుంటే, ఛాతీ బరువుగా ఉంటే పళ్ల డాక్టరు దగ్గరికి కాదు, గుండె డాక్టరు దగ్గరికి వెంటనే వెళ్లండి.

పన్ను లోపల ఏం జరుగుతుంది

మనం చూసే తెల్లటి పొర ఎనామిల్. ఒంట్లో అంత గట్టి పదార్థం ఇంకోటి లేదు, దానికి నరాలూ లేవు. పుచ్చు అందులో ఎంత తవ్వినా మనకు తెలియదు. దాని కింద డెంటిన్ ఉంటుంది. తీపి, చలి అక్కడి నుంచి తెలుస్తాయి. ఆ లోపల, గింజలో పప్పులా మెత్తటి గుజ్జు ఉంటుంది. రక్తనాళాలు, నరాలు అందులోనే. ఆ గుజ్జు సన్నటి కాలువల్లో వేళ్ల కొస దాకా దిగి, అక్కడి చిన్న రంధ్రంలోంచి దవడ ఎముకలోకి కలుస్తుంది. రూట్ కెనాల్ అంటే ఆ కాలువే.

వేలికి దెబ్బ తగిలితే వాచి, నాలుగు రోజులకు తగ్గుతుంది. పంటి గుజ్జు వాయడానికి చోటు లేదు, చుట్టూ రాతి గోడ. లోపల ఒత్తిడి పెరిగి, వాచిన చోట రక్తం నలిగి ఆగిపోతుంది. గుజ్జు కుళ్లిపోతుంది. క్రిములకు కావలసింది అదే.

ఇక్కడే చాలామంది మోసపోతారు. మందుల దుకాణంలో యాంటీబయాటిక్ కొనుక్కుని ఐదు రోజులు మింగితే పన్ను నయమవుతుందనుకుంటారు. మందు రక్తంతో పాటే వెళ్లాలి. పంటి లోపల రక్తమే లేదు. తల దగ్గర షట్టర్లు దించేసిన వంశధార కాలువలో శివారు పొలానికి నీళ్లు అందాలని చూసినట్టే. చుట్టూ ఎముకలో, బుగ్గలో వాపును మాత్ర కొంత అణచగలదు కానీ, లోపల కుళ్లు అలాగే ఉంటుంది. కాలువలోకి దిగి పూడిక తీయాల్సిందే. చికిత్స మొత్తం ఆ పూడికతీతే.

పన్నులో పురుగు ఉందని, వాకుడు గింజల పొగ పడితే రాలిపోతుందని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. పంటిలో పురుగు ఉండదు. మనం తిన్న తీపిని తిని ఆమ్లం వదిలే కంటికి కనపడని క్రిములే ఉంటాయి.

డాక్టరును చూసేదాకా

గోరువెచ్చటి ఉప్పు నీళ్లు పుక్కిలించండి. తల కింద రెండు దిండ్లు పెట్టుకోండి. పెద్దవాళ్లయితే 650 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఆరు గంటలకొకటి, రోజుకు నాలుగుకు మించకుండా వేసుకోవచ్చు. కాలేయం జబ్బున్నవారు, రోజూ మద్యం తాగేవారు ముందు డాక్టరును అడగాలి. దూదికి ఒక చుక్క లవంగ నూనె అద్ది పుచ్చులో కాసేపు ఉంచితే కొంత మొద్దుబారుతుంది. అదే నూనెను చిగురు మీద పోసుకుంటే కాలుతుంది. ఆస్పిరిన్ మాత్ర పొడి చేసి పన్ను దగ్గర దట్టించడం ఇంకా ఘోరం, చిగురు తెల్లగా కాలి ఊడిపోతుంది. పొగాకు ముక్క నొక్కి పెట్టుకోవడం గురించి చెప్పనక్కర్లేదు.

పొగాకు మాట వచ్చింది కాబట్టి ఒకటి. సముద్రపు ఒడ్డు పల్లెల్లో మా నాయనమ్మ తరం ఆడవాళ్లు చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చేవారు. అడ్డపొగ అంటారు. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆ వేడికి అంగిలి మీద మచ్చలు, పుళ్లు వచ్చి కొందరిలో క్యాన్సర్‌గా మారతాయి. అవి మొదట్లో నొప్పి పెట్టవు. మీ ఇంట్లో పెద్దావిడను పన్ను కోసం తీసుకెళ్తే, అంగిలి కూడా చూడమని డాక్టరును అడగండి. అర నిమిషం పని.

ఇక మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో మీకు నేను చెప్పాలా! పంటి నొప్పికి ఊళ్లో ఠక్కున ఇచ్చే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు దెబ్బతిన్న కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి. మా నాన్నకు ఊళ్లో మందులిచ్చే ఒకాయన పది రోజులు అవే ఇచ్చాడు. శ్రీకాకుళంలో డాక్టరు పన్ను ముట్టుకోక ముందే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష రాయడం నాకప్పుడు విడ్డూరంగా అనిపించింది. ఫలితం చూశాక నోరు మూసుకున్నాను. మీకు కిడ్నీ సమస్య ఉందని తెలిసినా, అనుమానం ఉన్నా, ఆ మాట మొదటే చెప్పండి. డయాలసిస్ చేయించుకునేవారు పంటి పనికి డయాలసిస్ అయిన మర్నాడు వెళ్లడం మంచిది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మందు ప్రభావం అప్పటికి పోతుంది, ఒంట్లో ఓపికా ఉంటుంది.

వాపు దవడ కిందికో మెడకో పాకుతుంటే, మింగడం కష్టమైతే, నోరు తెరుచుకోకపోతే, ఊపిరి ఆడనట్టుంటే, జ్వరం వణికిస్తుంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి అత్యవసర విభాగానికి ఆ రాత్రే వెళ్లండి. ఇలా పాకిన వాపు ప్రాణం తీయగలదు. యాంటీబయాటిక్ నిజంగా పనికొచ్చే సందర్భం ఇదే.

ఎవరి దగ్గరికి, ఏం అడగాలి

బీడీఎస్, అంటే పళ్ల డాక్టరు డిగ్రీ, చదివినవారెవరైనా రూట్ కెనాల్ చేయగలరు. ముందు పళ్లకు, తేలికైన వాటికి అది చాలు. వెనక దవడ పన్ను, వంకర వేళ్లు, ఒకసారి చేయించినా మళ్లీ తిరగబెట్టిన పన్ను అయితే రూట్ కెనాల్ విభాగమైన ఎండోడాంటిక్స్‌లో ఎండీఎస్ (పై చదువు) చేసినవారిని వెతకడం మేలు. బోర్డు మీద ఎండీఎస్ అని ఉంటే సరిపోదు. పళ్లు సరిచేసే విభాగంలోనూ ఎండీఎస్ ఉంటుంది, చిగుళ్ల విభాగంలోనూ ఉంటుంది. ఏ విభాగమో అడగండి, ఎవరూ నొచ్చుకోరు. చేతిలో డబ్బు తక్కువ, సమయం ఎక్కువ ఉంటే డెంటల్ కాలేజీకి వెళ్లండి. శ్రీకాకుళం వైపు వారికి చాపురంలో ఉంది. విద్యార్థులు చేస్తారు, అధ్యాపకులు దగ్గరుండి చూస్తారు. ఒక పూట పని రెండు పూటలు పట్టవచ్చు.

డాక్టరు పన్ను మీద చల్లటిది పెట్టి చూస్తారు, చిన్న లోహపు కాడతో మెల్లగా తడతారు, ఎక్స్‌రే తీస్తారు. ఎక్స్‌రే లేకుండా, ఈ పరీక్షలేవీ లేకుండా పన్ను చూసి చూడగానే రూట్ కెనాల్ అన్నారంటే ఇంకొకరికి చూపించండి. అన్నీ అయ్యాక ఈ ప్రశ్నలు వేయండి: గుజ్జు వాచిందా, చచ్చిందా? పన్నులో మిగిలిన గోడలు పైన తొడిగే క్యాప్‌ను మోయగలవా? ఎన్నిసార్లు రావాలి? మీరు చెప్పిన ఖర్చులో క్యాప్ కలిసి ఉందా? ఈ చివరి ప్రశ్న దగ్గరే ఎక్కువ గొడవలు. మాకు మొదట చెప్పిన మొత్తం రూట్ కెనాల్‌కు మాత్రమే, క్యాప్ బిల్లు విడిగా వచ్చింది.

దూరం నుంచి వచ్చేవాళ్లయితే అదీ చెప్పండి. వాపు, చీము లేని పన్నును చాలాసార్లు ఒకే పూటలో ముగించవచ్చు. మందస నుంచి మూడుసార్లు బస్సెక్కడం కన్నా కుర్చీలో ఇంకో అరగంట కూర్చోవడం నయం.

బీపీ, షుగరు, గుండెలో స్టెంటు లేదా కృత్రిమ కవాటం, రక్తం పలచబరిచే మాత్రలు, మందుల ఎలర్జీ, గర్భం, వీటిలో ఏది ఉన్నా దాచకండి. రక్తం పలచబరిచే మాత్రలు మీ అంతట మీరు మానేసి వెళ్లడం పంటి నొప్పి కంటే చాలా ప్రమాదం.

కుర్చీలో

తినేసి వెళ్లండి. షుగరు మాత్ర, బీపీ మాత్ర ఎప్పటిలాగే వేసుకోండి. ఖాళీ కడుపుతో వెళ్లి ఇంజెక్షన్ చూసి కళ్లు తిరిగి పడిపోయేవాళ్లే ఎక్కువ.

మొదట మత్తు ఇంజెక్షన్. ఒక నిజం చెప్పాలి: బాగా వాచి మండుతున్న కింది దవడ పన్నుకు మొదటి ఇంజెక్షన్ పూర్తిగా పట్టకపోవచ్చు. పెదవి మొద్దుబారినా పన్ను తెలుస్తూనే ఉంటుంది. పళ్లు బిగించి ఓర్చుకోవడం గొప్పతనం కాదు, చెయ్యెత్తండి, ఇంకో ఇంజెక్షన్ ఇస్తారు. ఎడమ చెయ్యి ఎత్తితే ఆపాలని ముందే మాట అనుకోండి.

తర్వాత పంటి చుట్టూ పలచటి రబ్బరు గుడ్డ బిగిస్తారు. ఊపిరాడదేమో అనిపిస్తుంది, ముక్కుతో పీల్చండి. ఉమ్ములోని క్రిములు పంటిలోకి పోకుండా, సూదుల్లాంటి పనిముట్లు మీ గొంతులోకి జారకుండా కాపాడేది అదే. రబ్బరు గుడ్డ వాడే డాక్టరు మీద నాకు నమ్మకం ఎక్కువ.

పంటి పైభాగంలో రంధ్రం చేసి, గుజ్జు తీసి, ఫైళ్లనే సన్నటి పనిముట్లతో కాలువలు గీకి శుభ్రం చేస్తారు. వేరు కొస ఎక్కడుందో చెప్పే చిన్న యంత్రం బీప్‌మంటుంది. ముందు పన్నుకు సాధారణంగా ఒకటే కాలువ. కింది మొదటి దవడ పన్నుకు చాలావరకు మూడు, నాలుగూ ఉండవచ్చు. పై మొదటి దవడ పన్నులో మూడు వేళ్లుండి, నాలుగో కాలువ దాక్కుని ఉంటుంది. దాన్ని వదిలేస్తే కొన్నాళ్లకు మళ్లీ నొప్పి. అందుకే డాక్టరు ఎంతసేపు వెతికినా విసుక్కోకండి.

మధ్యమధ్యలో సోడియం హైపోక్లోరైట్‌తో కడుగుతారు. వానాకాలంలో పంచాయతీవాళ్లు బావిలో బ్లీచింగ్ పౌడరు చల్లిన రోజు వచ్చే వాసనే. ఫైలు చేరని మూలలను కడిగేది అదే. నాలుక మీద చేదుగా తగిలితే వెంటనే చెయ్యెత్తండి. ఆ రోజే ముగించకపోతే లోపల కాల్షియం హైడ్రాక్సైడ్ పెడతారు. తమలపాకు మీద రాసుకునే సున్నం జాతిదే, క్రిములను చంపుతుంది. అలాగని ఇంట్లో సున్నం తీసి పుచ్చులో పెట్టేరు!

చివర కాలువలను గట్టాపెర్చా అనే గులాబీ రంగు పుల్లలతో నింపి మూస్తారు. అది మలయా ప్రాంతపు చెట్టు పాల నుంచి తీసిన పదార్థం. 1866లో అట్లాంటిక్ సముద్రం అడుగున పరిచిన తంతి తీగకు నీరు తగలకుండా తొడిగింది దీన్నే. పంటిలోనూ దాని పని అంతే, తడి చేరకుండా ఆపడం.

మొద్దు రెండు మూడు గంటలుంటుంది. అది పోయేదాకా నమలకండి, పెదవి కొరుక్కున్నా తెలియదు. చల్లార్చిన చోడి (రాగి) అంబలి తాగండి. రెండు మూడు రోజులు కొరికితే కొంచెం నొప్పిగా ఉండటం మామూలే. రోజురోజుకూ తగ్గాలి. పెరుగుతున్నా, వాపు వచ్చినా ఫోను చేయండి.

మధ్యలో మానేస్తే

మా చిన్నత్తకు మొదటి సిట్టింగ్‌తోనే నొప్పి పోయింది. రెండో సిట్టింగ్ నాటికి తోటలో జీడిపిక్కలు రాలుతున్నాయి.

"నొప్పి లేదు కదమ్మా, పిక్కలయ్యాక వెళ్దాం" అంది.

"అత్తా, అందులో పెట్టింది తాత్కాలిక సిమెంటు. నాలుగు వారాలు కూడా నిలవదట" అన్నాను.

వినలేదు. నాలుగు నెలల తర్వాత మరమరాల్లో రాయి తగిలి పన్ను నిలువునా వేరుదాకా చీలింది. చీలిక వేరులోకి దిగిన పన్నును ఎవరూ నిలబెట్టలేరు. పీకించాల్సి వచ్చింది, అప్పటిదాకా కట్టిన డబ్బూ పోయింది.

లోపల తవ్విన దవడ పన్ను గోడలు పలచబడి ఉంటాయి. నమిలేటప్పుడు బరువు పడేది వాటి మీదే. కాబట్టి వెనక పళ్లకు చికిత్స ముగిసిన రెండు మూడు వారాల్లో క్యాప్ వేయించండి. ముందు పన్ను పెద్దగా పాడవకపోతే గట్టి ఫిల్లింగ్‌తోనే సరిపోవచ్చు. లోహపు క్యాప్ చవక, గట్టిది, చూడటానికి మాత్రం బాగుండదు. లోహం మీద సెరామిక్ వేసినది మధ్యరకం. జిర్కోనియా ఖరీదు. ఎవరికీ కనపడని చివరి పన్నుకు నేను లోహపుదే వేయించుకున్నాను, ఇబ్బందేమీ లేదు.

ప్రతి పన్నునూ కాపాడాలని పట్టుపట్టకండి. చిగురు పట్టు పోయి ఊగుతున్న పన్ను, గోడలేవీ మిగలని పన్ను, ఎదుటి జత లేని జ్ఞానదంతం తీయించడమే తెలివి. మిగతావి ఖర్చు తక్కువని పీకించేముందు, ఆ ఖాళీలో బ్రిడ్జో (పక్క పళ్ల ఆసరాతో కట్టే పన్ను) ఇంప్లాంటో (ఎముకలో బిగించే పన్ను) పెట్టించే ఖర్చు కూడా అడగండి. వదిలేస్తే పక్క పళ్లు ఆ సందులోకి ఒరుగుతాయి. రూట్ కెనాల్ వల్ల క్యాన్సర్ వస్తుందని ఫోన్లలో తిరిగే సందేశాలకు ఆధారం లేదు, చెరిపేయండి.

క్యాప్ కింద అంచు దగ్గర మళ్లీ పుచ్చు పట్టగలదు. రోజుకు రెండుసార్లు ఫ్లోరైడ్ పేస్టుతో తోముకోవాలి. చికిత్సకు ముందు, తర్వాత తీసిన ఎక్స్‌రేల కాపీలు అడిగి తెచ్చుకోండి, కనీసం ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి. వేరు కొసన ఎముక కరిగిన చోట కనిపించే నల్లమచ్చ మానడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. అది మానుతోందా లేదా అన్నది పాత ఎక్స్‌రే పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ఆరు నెలలకు ఒకసారి, ఏడాదికి మరోసారి చూపించుకోండి. మా నాన్న ఏడాది ఎక్స్‌రేలో మచ్చ సగానికి పైగా తగ్గింది. ఈసారి నొప్పి లేకుండానే, ఎవరూ చెప్పకుండానే, బస్సెక్కి ఆయనే శ్రీకాకుళం వచ్చారు.